బిడ్డను నమ్మడమంటే బస్సెక్కడమే

హనుమంతునిపాడు మండలంలో మన కాలనీలు, తండాలు ఏడాదిలో సగం రోజులు తాళాలతోనే కనపడతాయి. వానల్లేవు. వెలిగొండ నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపులు. బోరు నీళ్లు తాగితే ఫ్లోరైడు. యానాదోళ్లు చిల్లకంప కొట్టి బొగ్గులు కాల్చే పనికో, తోటల కాపలాకో, చేపల చెరువుల మీదికో పోతారు. సుగాలీలు హైదరాబాదు, బెంగళూరు బేల్దారి పనులకు పోతారు. పిలకాయలు హాస్టల్లో ఉంటారు, లేకపోతే అవ్వ దగ్గర ఉంటారు. ఇంకొందరు, చెప్పడానికి నోరు రాదు గానీ, అడ్వాన్సు ఇచ్చిన ఓనరు దగ్గర ఉంటారు. తల్లికీ బిడ్డకీ మధ్య మిగిలేది ఒక్క ఫోను.

ఆ ఫోనులో బిడ్డ చెప్పే మాటలు మీరూ వినే ఉంటారు.

"అమ్మా, రాత్రిపూట ఆ సారు మా రూము కాడికి వస్తా ఉండాడు."
"నాయనా, కొట్టి బాత్రూములో పెట్టి గొళ్లెం వేశారు."
"ఓనరు నిద్రపోనీయడంలా. వచ్చి తీసకపో."
"ఆ డబ్బులు నేను తియ్యలా."

మన ఇళ్లలో వీటికి ఇచ్చే జవాబులు కూడా మీరు వినే ఉంటారు.

"సారు అట్టాంటోడు కాదులే."
"నువ్వేదో అల్లరి చేసుంటావు."
"ఇంకో పది రోజులు ఓర్చుకో."
"నువ్వు తియ్యకపోతే వాళ్లెందుకంటారు?"

ఈ నాలుగు జవాబుల గురించే ఈ రాత. చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది ముందు మీకోసం. ఎందుకంటే మీ ఇంట్లో, మీ వాడలో ఆ ఫోను ఎత్తే అమ్మానాన్నలు పక్కకు తిరిగి "ఏం చేద్దాం?" అని అడిగేది మిమ్మల్నే.

ఎవరి కథ నమ్మశక్యం కానిది?

2025 మే నెలలో తిరుపతి జిల్లా నుంచి వచ్చిన వార్త గుర్తుందా? ఒక యానాది కుటుంబం బాతులు మేపే యజమాని దగ్గర రూ.25,000 అప్పు కింద పనిచేసింది. భర్త చనిపోయాడు. వెళ్లిపోతానని భార్య అంటే వడ్డీతో కలిపి రూ.45,000 కట్టమన్నాడు యజమాని. డబ్బు తెచ్చేదాకా పిల్లల్లో ఒకరిని తన దగ్గర ఉంచమన్నాడు. తొమ్మిదేళ్ల కొడుకును వదిలి ఆ తల్లి డబ్బు కోసం తిరిగింది. పిల్లాడు ఫోనులో చెప్పాడు: పని ఎక్కువ చేయిస్తున్నారు, వచ్చి తీసుకుపొమ్మని.

తర్వాత తల్లి ఫోను చేస్తే పిల్లాడు వేరే చోట ఉన్నాడన్నారు. ఆ తర్వాత పారిపోయాడన్నారు. ఆమె ఊరుకోలేదు. గిరిజన నాయకుల సాయంతో పోలీసుల దగ్గరికి పోయింది. అప్పుడు బయటపడింది నిజం. పిల్లాడు చనిపోయాడు. తమిళనాడులోని కాంచీపురం దగ్గర తల్లికి చెప్పకుండా పూడ్చిపెట్టారు. శవాన్ని బయటికి తీశాక గానీ ఆ తల్లికి బిడ్డ దొరకలేదు.

ఆ తల్లిని తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు. ఆమె బిడ్డ మాట నమ్మింది కాబట్టే డబ్బు కోసం పరిగెత్తింది, పారిపోయాడన్న మాట నమ్మలేదు కాబట్టే స్టేషనుకు పోయింది. నేను అడిగేది వేరే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అట్టాంటి అప్పే చెల్లదు. ఒక్క రూపాయి కట్టకుండా ఆ రోజే పోయి బిడ్డను తెచ్చుకునే హక్కు ఆమెకు ఉంది. ఆ మాట ఆమెకు ముందుగా చెప్పాల్సిన అధికారులు, సంఘాలు, చదువుకున్న మనం ఎక్కడున్నాం?

ఇంకోటి ఆలోచించండి. ఇక్కడ రెండు కథలున్నాయి. ఒకటి పిల్లాడిది: నాతో ఎక్కువ పని చేయిస్తున్నారు. రెండోది యజమానిది: చేతిలో పైసా లేని, దారి తెలియని తొమ్మిదేళ్ల పిల్లాడు ఎటో పారిపోయాడు. విడిగా పెట్టి చూస్తే ఏది నమ్మశక్యం కానిది? అయినా మన వాడల్లో రెండో కథే చెల్లుబాటవుతుంది. "పారిపోయినాడంట" అనగానే "అవునా, యాడికి పోయినాడో" అని వెతకడం మొదలుపెడతాం. ఇస్త్రీ చొక్కా చెబితే కథకు సాక్ష్యం అడగం. మన బిడ్డ చెబితే మాత్రం అడిగిందే అడిగి, ఎక్కడ తడబడతాడా అని చూస్తాం.

ఈ అనుమానం మనది కాదు, మనకు నేర్పింది

మన పెద్దోళ్లకు బిడ్డల మీద ప్రేమ తక్కువా? కాదు. నమ్మకపోవడం వాళ్లకు తరాలుగా నేర్పిన పాఠం.

1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీ మీదికీ తెచ్చారు. ఎరుకలోళ్లను, యానాదుల్లో కొందరిని పుట్టుకతోనే దొంగలని రాసేశారు. పేర్లు నమోదు, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అట్లా పుట్టినవే. ఆ 1911 చట్టంలో ఇంకో సంగతి ఉంది. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్ల లోపున్న పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం సర్కారుకు ఇచ్చారు. మన తల్లులు బిడ్డలకు చెడు నేర్పుతారని, దొరల బడి మంచి నేర్పుతుందని వాళ్ల లెక్క.

ఆ చట్టం 1952లో పోయింది. దాని అలవాటు పోయిందా? ఊళ్లో మోటారు పోతే ముందు మన కాలనీకి వస్తారు. "నేను తియ్యలేదు సామీ" అని మన తాత చెబితే స్టేషనులో ఎవరూ నమ్మలేదు. మన నాయన చెప్పినా నమ్మలేదు. నిజం చెప్పి దెబ్బలు తిన్న మనిషికి చివరికి ఏం అర్థమవుతుంది? నిజానికి విలువ లేదు, చెప్పే మనిషిని బట్టే విలువ అని. అట్టాంటి మనిషి ఇంట్లో బిడ్డ నోరు తెరిచి "సారు ఇట్ట చేశాడు" అంటే గుండె ముందు బిడ్డ వైపే పోతుంది. వెంటనే భయం అడ్డం పడుతుంది. "మన మాట ఎవరు వింటారు? సారు మీదనే చెబుతావా? సీటు పోతే?" అంటుంది ఆ భయం. పైకి మాత్రం "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అని వినపడుతుంది.

ఈ భయం వట్టిది కూడా కాదు. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో పదకొండు మంది కోందు మహిళలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. పదహారేళ్ల దాకా ఆ మాట మీదే నిలబడ్డారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. అర్థమైందా? వాళ్ల మాటకు నిరూపణ లేకుండా పోవడానికి కారణం మొదట్లో చేయాల్సిన పని చేయకపోవడం. "అందుకే పోవద్దు" అని కొందరు ఈ కేసు చూపిస్తారు. నేను దాన్నే చూపించి చెబుతా: అందుకే మొదటి రోజే పోవాలి. పరీక్ష, వాంగ్మూలం, బట్టలు, గాయాలు. ఒక్కో రోజు ఆలస్యమైతే ఒక్కో సాక్ష్యం పోతుంది. ఇంట్లో మనం అనుమానంతో గడిపే వారం అవతలివాడికి వరం.

"పిలకాయలు అబద్ధాలు చెప్పరా?"

చెబుతారు. ఎందుకు చెప్పరు? ఇంటి మీద బెంగతో కడుపు నొప్పి అంటారు. లెక్కల పరీక్ష ఉంటే జ్వరం అంటారు. నేను దీన్ని దాచడం లేదు.

కానీ పిల్లల అబద్ధాలు ఎట్లా ఉంటాయో చూడండి. తప్పించుకునేవి, చిన్నవి, తమకు తెలిసినవి. కడుపు నొప్పి, జ్వరం, పెన్ను పోయింది. తనకే సిగ్గయ్యే సంగతి, తననే తిట్టించే సంగతి, తనకు పేరు కూడా తెలియని పని గురించి ఎనిమిదేళ్ల పిల్ల కల్పించి చెప్పడం ఎంత కష్టం! ఆ పిల్ల నోట ఆ మాట వచ్చిందంటే ఎక్కడో చూసింది, లేదా తనకు జరిగింది. ఏదైనా సరే మనం పోవాల్సిందే.

పైగా, బెంగతో అబద్ధమే చెప్పిందనుకోండి. అది కూడా ఒక వార్తే. అన్నంలో పురుగులున్నాయా? పెద్ద పిల్లలు కొడుతున్నారా? ఇంటికి రావడానికి అబద్ధం తప్ప దారి లేని చోట ఎందుకుంది ఆ బిడ్డ? పోయి చూస్తే గదా తెలిసేది.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని 53.22 శాతం చెప్పారు. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకంతో పిల్లలను అప్పగించినవాళ్లు. పిల్లల్లో ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు. మనం పిల్లలు లేనిది చెబుతారని భయపడుతున్నాం. నిజంగా భయపడాల్సింది వాళ్లు ఉన్నది చెప్పకపోవడం గురించి.

కథ అతకడం లేదెందుకు?

"నిన్న ఒకటి చెప్పింది, ఇయ్యాళ ఒకటి చెబుతోంది" అని తల్లులు అంటారు. నిజమే, పిల్లలు ముక్కలు ముక్కలుగా చెబుతారు. ముందు చిన్న ముక్క చెప్పి, నువ్వు కోప్పడతావా లేదా చూసి, తర్వాత పెద్దది చెబుతారు. తేదీలు తప్పుతారు. జరిగిన మనిషి పేరు చెప్పలేక "దయ్యం వచ్చింది" అంటారు. అప్పుడు మనం ఏం చేస్తాం? గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తాం. దయ్యాన్ని నమ్ముతాం, బిడ్డను నమ్మం!

ఇంకో సంగతి. సుగాలీ పిల్ల ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. ఎరుకల పిల్ల కుర్రు భాష. హాస్టల్లో తెలుగు. జరిగింది ఒక భాషలో, అడిగింది ఇంకో భాషలో. ఒంటి భాగాల పేర్లు పలకొద్దని మనమే నేర్పాం. ఇక కథ ఎట్లా అతుకుతుంది?

కోర్టులకున్న ఓపిక కూడా మనకు లేకపోతే ఎట్లా? పిల్లల సాక్ష్యానికి చట్టంలో కనీస వయసు లేదు. అడిగింది అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే చాలు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ కేసు ఒకటి తేల్చింది. తండ్రే తల్లిని చంపాడని ఏడేళ్ల కూతురు చెప్పింది. హైకోర్టు ఆ మాట పక్కన పెట్టి అతణ్ని వదిలేసింది. సుప్రీంకోర్టు ఆ బిడ్డ మాటను నిలబెట్టి శిక్షను తిరిగి ఖాయం చేసింది. పిల్లల సాక్ష్యాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి, పిల్లలన్న ఒక్క కారణంతో తోసెయ్యకూడదు అనేదే ఆ తీర్పు సారం.

నమ్మడం వేరు, తీర్పు చెప్పడం వేరు

ఇక్కడే మన పెద్దోళ్లు చిక్కుకుంటారు. "బిడ్డ చెప్పిందని ఒక మనిషి బతుకు పాడుచేస్తామా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. వాణ్ని కొట్టమని, ఊళ్లో ఊరేగించమని, ఫోటో పెట్టి షేర్ చెయ్యమని నేను చెప్పడం లేదు. దొంగ అని ముద్ర పడి బతికిన జాతి మనది. విచారణ లేకుండా ఎవరి మీదా ముద్ర వేయకూడదని మనకంటే ఎవరికి తెలుసు?

ఎవరు నేరస్థుడో తేల్చేది కోర్టు. తల్లి పని అది కాదు. తల్లి పని బస్సెక్కి పోవడం, బిడ్డను కళ్లారా చూడడం, పక్కన కూర్చోబెట్టుకుని వినడం, చెప్పాల్సిన చోట చెప్పడం. దీనికి నిరూపణ అక్కర్లేదు, బిడ్డ మాట ఒక్కటి చాలు.

లెక్క కూడా వేసుకుందాం, మనది కూలి బతుకు కదా. నమ్మి పోతిమి, ఏమీ లేదని తేలింది. ఏం పోయింది? రెండు రోజుల కూలి, బస్సు చార్జీ, మేస్త్రి నాలుగు తిట్లు. బిడ్డకు మాత్రం ఒకటి తెలుస్తుంది: పిలిస్తే మా అమ్మ వస్తుంది. ఇప్పుడు రెండోది. నమ్మకపోతిమి, ఉందని తేలింది. దానికి లెక్క కట్టే మేస్త్రి ఎవడూ లేడు. ఆ బిడ్డ ఇంకోసారి చెప్పదు. అవతలివాడికి అదే కావాలి. "చెప్పినా మీ అమ్మ నమ్మదు" అని బెదిరించే మనిషి మాటను మనమే నిజం చేసినట్టు అవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

చదువుకున్నోళ్లు ఇది కంఠతా పట్టండి, వాడలో చెప్పండి.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవాళ్లు తమ కింది ఉద్యోగి చేసింది దాచిపెడితే ఏడాది దాకా జైలు. "బయటికి పోనీయొద్దమ్మా, పిల్ల పేరు పాడవుద్ది" అని ఏ సారైనా అంటే అది సలహా కాదు, నేరం.

మంచి ఉద్దేశంతో ఫిర్యాదు చేసినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు. బిడ్డ చెప్పింది తప్పని తేలినా బిడ్డకు శిక్ష లేదు.

బిడ్డను స్టేషనుకు ఈడ్చుకుపోనక్కర్లేదు. వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. తల్లో, తండ్రో, బిడ్డ నమ్మిన మనిషో పక్కన ఉండాలి. రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు. బిడ్డ పేరు, ఊరు, ఫోటో బయటపెట్టకూడదు. మనమూ పెట్టకూడదు, న్యాయం కోసమని వాట్సాప్‌లో కూడా.

చేసినవాడు ఎస్టీ, ఎస్సీ కాకపోతే 1989 నాటి అట్రాసిటీ చట్టం కూడా చూడాలి. ఆ చట్టం కింద ఎఫ్ఐఆర్ రాయడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు.

వెట్టి నుంచి విడిపించిన మనిషికి వెంటనే రూ.30,000 దాకా సాయం అందించే పథకం ఉంది. కలెక్టరు, ఆర్డీవో స్పందించాలి.

నంబర్లు: పిల్లలకు 1098. పోలీసులకు 112. అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566. ఉచిత న్యాయ సాయం 15100. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు.

మనలో మనకు

కులపెద్దలకు ఒక మాట. బిడ్డ మీద జరిగిన దానికి చెట్టు కింద పంచాయితీ పెట్టి, డబ్బు మాట్లాడి, కాయితం రాయించుకోవడం ఇక చాలు. ఆ డబ్బు బిడ్డ నోటికి వేసే తాళం.

టీచర్లు, వార్డెన్లలో మన వాళ్లున్నారు, మంచివాళ్లున్నారు. మీకు ఒకటే అడుగుతున్నాం. హాస్టల్లో తల్లిదండ్రులకు ఫోను చేసుకునే వీలు ప్రతి బిడ్డకూ ఉండాలి, పక్కన ఎవరూ నిలబడి వినకుండా. 1098 గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫిర్యాదుల పెట్టె తాళం వార్డెను చేతిలో కాకుండా బయటి అధికారి చేతిలో ఉండాలి. తప్పు చెయ్యని వాళ్లకు వీటితో నష్టమేముంది?

సంఘాలకు, మద్దతుదారులకు కూడా చెబుతున్నా. శవం బయటికి తీసినాక ధర్నా చేస్తున్నాం, జెండాలు పట్టుకుంటున్నాం. పిల్లాడు ఫోనులో "వచ్చి తీసకపో" అన్నప్పుడు ఆ తల్లితో పాటు బండెక్కే మనిషి కావాలి. మండలానికి ఇద్దరు చాలు. ఫోను ఎత్తే వాళ్లు, దారి ఖర్చు పెట్టగలిగే వాళ్లు, స్టేషనులో కుర్చీ లాక్కుని కూర్చుని చట్టం పేరు చెప్పగలిగే వాళ్లు. హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, ఎక్కడి వాళ్లక్కడ ముందుకు రండి.

ఇక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. వలసలో ఉన్న అమ్మకు ఈ రాత్రే ఫోను చేసి ఒక్క మాట చెప్పండి. "తమ్ముడు ఏదన్నా చెబితే ముందు తిట్టొద్దమ్మా. 'నువ్వు చెప్పింది మంచి పని, నేను వస్తా ఉండా' అని చెప్పు. తర్వాత నాకు ఫోను చెయ్యి." ఆ రెండు ముక్కలు అలవాటైతే చాలు.

నూరేళ్లకు పైగా ఈ దేశం మన మాట నమ్మలేదు. మన మాట నమ్మండని కోర్టులను, కలెక్టర్లను, పోలీసులను అడుగుతూనే ఉన్నాం, ఇంకా అడుగుతాం. అడిగే ముందు మన గుడిసెలో మన బిడ్డ మాట చెల్లాలి.

జోహార్. జై ఆదివాసీ!